కట్టలో కల్లుప్పు

శరణ్య పరుగెడుతోంది.

వెనక కోటేష్. చేతిలో పార.

టైం ఆరే అయింది. కానీ తుఫాను ముసురుకి చీకటి ముందే దిగిపోయింది. చెరువు కట్ట మీద మట్టి బురదైపోయింది. అడుగేస్తే జారుతోంది. ఎడమ పక్క నిండు చెరువు... కుడి పక్క, ఇరవై అడుగుల దిగువన దిగువపాలెం. నూట నలభై ఇళ్లు.

"మేడం, ఆగండి!"

ఆగదు. ఆగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

శరణ్య ఇరిగేషన్ ఏఈ. దర్శి నుంచి ఒక్కతే బండి మీద వచ్చింది. కోటేష్ నీటి సంఘం ప్రెసిడెంట్. పావుగంట క్రితం దాకా ఆమెకి గొడుగు పట్టి మరీ కట్టంతా తిప్పాడు. మర్యాదస్తుడే!

అంతా ఆ ఊట దగ్గర తేడా కొట్టింది.

కట్ట అడుగున నీళ్లు ఊరుతున్నాయి. పొద్దున తేటగా ఉన్నాయి. ఇప్పుడు ఎర్రగా, మట్టితో వస్తున్నాయి. అంటే కట్ట లోపల్నుంచి కరిగిపోతోంది. ఆ మాట చెబుతూనే శరణ్య వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఈ వైపు వాళ్లకి అలవాటే... ఏ బోరు నీళ్లయినా ముందు రుచి చూస్తారు.

ఉప్పు!

చెరువు నీళ్లు తియ్యగా ఉంటే, ఊట ఉప్పగా ఎందుకుంది?

తలెత్తి చూసింది. ఊటకి పైన, కట్ట వాలులో మట్టి కుంగింది. మనిషి పొడవున.

"కోటేష్ గారూ... గోతిలో ఉప్పు ఎవరికి పోస్తారో నాకూ తెలుసు. మా తాతకి పోశారు."

కోటేష్ గొడుగు పక్కన పడేశాడు.

"పేరయ్య ఎక్కడండీ?"

అప్పుడు పార లేచింది.

పేరయ్య ఈ చెరువు లస్కరు. ముప్పై ఏళ్లుగా కట్టకి కాపలా. పదకొండు రోజులుగా లేడు. పెదకాకానిలో మొక్కు తీర్చుకోవడానికి వెళ్లాడని ఊరంతా చెప్పింది కోటేషే.

గొడవల్లా అలుగు మీద. చెరువు నిండితే ఎక్కువ నీళ్లు అలుగు మీదుగా వాగులోకి పోవాలి. కోటేష్‌కి ఆరెకరాల మిరప. ఆఖరి తడికి నీళ్లు కావాలని అలుగు మీద రెండడుగుల ఎత్తున ఇసుక బస్తాలు పేర్పించాడు. పేరయ్య పీకేశాడు. మళ్లీ పేర్పించాడు. మళ్లీ పీకేశాడు. ముసలి కట్టరా, అంత బరువు మొయ్యలేదని పోట్లాడాడు.

మూడోసారి పార వెనక్కి తిప్పి కొట్టాడు కోటేష్. ఒక్కటే దెబ్బ.

అంతకు రెండు రోజుల ముందే కట్ట మీద పొదలు కొట్టి, ఎలుక బొరియలు పూడ్చారు. ఎక్కడ చూసినా కొత్త మట్టే. అందులో ఇంకో గొయ్యి ఎవడికి కనపడుతుంది?

పూడ్చేముందు మాత్రం మనసు ఒప్పలేదు. బాబాయ్ అని పిలిచిన నోరు... ఉప్పు పొయ్యకుండా పూడిస్తే పాపం కదా! గొడ్ల చావిట్లోంచి కల్లుప్పు బస్తా తెచ్చి మొత్తం కుమ్మరించాడు. చంపడం పాపం కాదు కాబోలు.

వాన దిగింది. ఉప్పు కరిగింది. లోపల గుల్ల మిగిలింది. అలుగు ఎత్తు పెంచిన చెరువుకి అంత సందు చాలు.

శరణ్య కాలు జారింది!

మోకాళ్ల మీద పడింది. లేవలేదు. ఫోన్ చెవికి పెట్టుకుంది.

కోటేష్ వచ్చి పడ్డాడు. పార కర్రతో మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వానలోనూ వినిపించింది. ఫోన్ ఎగిరి బురదలో పడింది. తీశాడు. లోపల్నుంచి సన్నగా ఏదో గొంతు...

చూడలేదు. చెరువులోకి విసిరేశాడు.

"పోలీసులకా?" అన్నాడు రొప్పుతూ.

"కాదు." నొప్పికి ఆమె పళ్లు గిట్టకరుచుకుంది. "సుబ్బలక్ష్మికి."

పార అక్కడే ఆగిపోయింది.

సుబ్బలక్ష్మి కోటేష్ పెళ్లాం.

"డ్వాక్రా లీడర్ కదా. మైకులో చెప్పి ఊరు ఖాళీ చేయిస్తుందని చేశా. ఎత్తింది. హలో, ఎవరండీ అంది... నువ్వు చెప్పనివ్వలేదు."

వెనకెక్కడో కట్ట మూలిగింది.

కోటేష్ నడుముకి దోపుకున్న టార్చి తీసి అటు తిప్పాడు. పేరయ్యని పూడ్చిన చోట కట్ట నోరు తెరిచింది. ముందు పేరయ్యే బయటికొచ్చాడు. ఖాకీ చొక్కా ఒక్కసారి తిరగబడి, కిందకి జారిపోయింది. ఆ వెనకే చెరువు!

ఊళ్లోకి దిగే దారి ఆ గండికి అవతల ఉంది.

కోటేష్ పార వదిలేశాడు. బురదలో ఆమె ముందు కూలబడ్డాడు.

"మేడం... ఇంకో ఫోన్ ఉందా? మా పాప కూడా ఇంట్లోనే ఉంది మేడం..."

"నీదేదీ?"

కోటేష్ చెయ్యి ఖాళీ చొక్కా జేబు మీదకి పోయింది.

పొద్దున ఆ ఊట ఎక్కడుందో చూసినప్పుడే, ఈ సాయంత్రం ఏం చెయ్యాల్సి రావచ్చో లెక్కేసుకున్నాడు. టవర్ లొకేషన్‌తో దొరికిపోయిన వాళ్లని యూట్యూబ్‌లో బోలెడుమందిని చూశాడు. అందుకే తెలివిగా...

"ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చా," అన్నాడు.

కింద దిగువపాలెంలో లైట్లు వెలుగుతున్నాయి. అన్నిటికన్నా ఇవతల, వాగు ఒడ్డున, పొలానికి దగ్గరని ఏరికోరి కట్టుకున్న తన ఇల్లు.

ముందు ఆ లైటే ఆరింది.