పక్కనుంచి చూస్తే పాలిపోయే తెర

ఇలా దగ్గరికి జరుగు, చిన్నీ. ఆ పెట్టె తర్వాత సర్దుకోవచ్చు. రేపు నువ్వు ఉద్యోగానికి వెళ్తున్న ఊళ్ళోనే ఒక అమ్మాయి ఉంది. ఆమెకు చేరాల్సిన కథ ఒకటి మూడేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.

మీ పెదనాన్న కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు కదా. పగలంతా ఆ ఇనుప గూళ్ళలో వేలాడి, సాయంత్రం ఇంటికొచ్చి గేమ్ ఆడుకునేవాడు. అందుకని ఒక గేమింగ్ మానిటర్ కొన్నాడు. దుకాణంలో అన్నిటికన్నా చవకది. దాని కాలు కుదురుగా నిలవదు, కింద అట్టముక్క మడిచిపెట్టాలి. పైమూల ఒక నల్లచుక్క ఉండేది. ఈగ పని అనుకుని రెండు రోజులు రుద్దాను. "అది పుట్టుమచ్చ నాయనమ్మా, వదిలెయ్" అన్నాడు. ఇంకో వింత ఏమిటంటే, సరిగ్గా ఎదురుగా కూర్చుంటేనే రంగులు కనబడతాయి. కాస్త పక్కకి జరిగితే బొమ్మంతా పాలిపోతుంది.

ఒక సాయంత్రం పైవాటాలో కొత్తగా దిగిన అమ్మాయి తలుపు కొట్టింది. పుస్తకాలకు అట్టబొమ్మలు వేసే పిల్ల. అట్టలమ్మాయి అనేదాన్ని నేను.

"మీ ఇంట్లో గంట నుంచి ఎవరో చస్తున్నారు. కాస్త మెల్లగా చావమని చెప్తారా?"

"చచ్చేది నేనేనండి," అన్నాడు మీ అన్నయ్య. "నాకు ఆట రాదు."

"అలాగైతే ఈపాటికి అయిపోవాలే?"

"మళ్ళీ మళ్ళీ పుడుతున్నా."

నవ్వు ఆపుకోలేక గబగబా మెట్లెక్కేసింది. మర్నాటి నుంచి వీడు హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు.

వానలు మొదలయ్యాక మళ్ళీ వచ్చింది. రెయిన్‌కోట్ లాప్‌టాప్‌కి చుట్టి, తాను నిలువునా తడిసి. జారిపడితే దాని తెర పగిలిందట. పని ఆపడానికి లేదు, మీ మానిటర్ వాడుకోనిస్తారా అని అడిగింది.

"ఇది చవకదండి. మీ రంగులకి పనికొస్తుందో లేదో."

"రంగుల్ని నేను దారిలో పెడతాగానీ, ముందు తువ్వాలు ఇవ్వండి."

దారిలో పెట్టింది కూడా. అచ్చయిన పాత అట్ట ఒకటి పక్కన పెట్టుకుని, మానిటర్ అడుగునున్న బొత్తాలు నొక్కి నొక్కి, రెండూ ఒక్కలా కనబడేదాకా రంగులు కుదిర్చింది. "వీటిని ఎవరూ ముట్టుకోవద్దు" అంది. నాకూ చెప్పింది, చిన్నీ. విన్నాను.

ఇక రోజూ సాయంత్రం వచ్చేది. తను గీసింది వీడు చూడాలంటే ఎదురుగానే కూర్చోవాలి. కూర్చోవడానికి ఉన్నది ఒక్క పొట్టి బల్ల.

"కొంచెం జరగండి."

"జరిగితే ఆకుపచ్చ తెల్లబడుతుందండి."

"ఆకుపచ్చతో మీకేం పని?"

"లిఫ్టువాడికి అదే ముఖ్యం. ఎర్రది వెలిగితే నాకు ఫోనొస్తుంది."

వారం తిరిగేసరికి 'అండి' పోయింది. నెల తిరిగేసరికి వంటింట్లోంచి రావాలంటే నేను దగ్గి మరీ రావాల్సి వచ్చింది.

అప్పుడే తనకు మొట్టమొదటిసారి తన పేరుతో అట్ట వచ్చే అవకాశం దొరికింది. పిల్లల పుస్తకం. చీకటి అడవి, అందులో దారి తప్పిన గాడిదపిల్ల. ఒక మధ్యాహ్నం నేను దుమ్ము తుడుస్తుంటే నా గుడ్డ కింద ఏదో బొత్తం నొక్కుకుంది. తను తెర మీద వదిలి వెళ్ళిన అడవి ఒక్కసారిగా తేలిపోయింది. కంగారుగా ఇంకోటి నొక్కాను, ఇంకోటి నొక్కాను. మునుపటిలా రాలేదు. గుడ్డ మడిచి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆ పిల్ల కళ్ళు నలుపుకుంది. "నిన్న అడవి ఇంత వెలిసిపోయి లేదే. కళ్ళు అలిసిపోయాయేమో." ఆ మాట నా చెవినపడింది. వంటింట్లో గరిటె తిప్పుతూ ఉండిపోయాను. మర్నాడు పొద్దున్నకల్లా బొమ్మ ఇవ్వాలట, చీకటి ఇంకా దట్టించి అచ్చాఫీసుకి పంపేసింది.

పుస్తకాలు వచ్చాయి. అడవంతా బొగ్గు. గాడిదపిల్ల ఎక్కడుందో కన్నతల్లికి కూడా తెలియదు. ఒక పుస్తకం పట్టుకుని వచ్చి, మానిటర్ బొత్తాలు నొక్కి చూసింది. గేమ్ మోడ్‌లో ఉంది. ఆటలో చీకట్లో దాక్కున్నవాళ్ళు కనబడేలా బొమ్మని తెల్లబరిచే ఏర్పాటట.

"ఇది ఎవరు మార్చారు?"

మీ అన్నయ్య నా చేతిలో గుడ్డ వైపు చూశాడు.

"నేనే. ఆట కోసం."

"నా పని మధ్యలోనా?"

"మర్చిపోయాను."

"ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా."

నేను నోరు తెరిచాను. వాడు నా భుజం నొక్కాడు. నొక్కితే మాత్రం, నోరు నాది కాదా? మూసుకున్నాను. ఆ అట్ట దెబ్బకి ఆ పిల్ల ఉద్యోగం పోయింది. ఇంకో ఊళ్ళో అచ్చాఫీసులో చేరింది, నువ్వు వెళ్ళే ఊరే.

"ఎందుకురా నీమీద వేసుకున్నావ్?" అని తర్వాత అడిగాను.

"తను నిన్ను బామ్మగారూ అని ప్రేమగా పిలుస్తుంది. అది చెడకూడదనుకున్నా."

"ఇప్పుడైనా చెప్పరా."

"ఇప్పుడు చెప్తే నిన్ను చూపించి తప్పించుకున్నట్టుంటుంది నాయనమ్మా."

చెప్పాల్సింది నేనే. ఒకసారి ఫోన్ చేశాను. "చెప్పండి బామ్మగారూ" అంది, ఎప్పటిలాగే. ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగి పెట్టేశాను.

వాడు ఆట మానేశాడు. ఆ తెర మీద నాకు సీరియల్ పెట్టి, తనూ చూస్తాడు, అదే బల్ల మీద, ఒక పక్కకి ఒదిగి. అక్కణ్ణించి రంగులు కనబడవు. "మధ్యకి జరగరా" అంటే, "కనబడుతోందిలే" అంటాడు.

ఇంత గుర్తుపెట్టుకో, చిన్నీ. ఆమెను వెతికి, నేను చెప్పినట్టే చెప్పు. గుడ్డ సంగతి మింగేయకు, నన్ను మంచిదాన్ని చేయకు. ఆ బల్ల మీద సగం ఇంకా ఖాళీగానే ఉందని మాత్రం చివర్న చెప్పు.