తాళమేసిన పైపోర్షన్

మస్కట్‌లో, రువి దగ్గర ఓ పాత బిల్డింగు మూడో అంతస్తులో ఒక పోర్షన్ ఉంది. దానికి ఎప్పుడూ తాళమే. లోపల ఎవరో ఉరేసుకున్నారని కొందరంటారు, కాదు, కరెంటు షాకని ఇంకొందరు. ఎలా పోయినా, పోయినవాడు ఇల్లు మాత్రం ఖాళీ చేయలేదని అందరూ ఒప్పుకుంటారు.

సరిగ్గా దాని కింద పోర్షన్‌లో అద్దెకు దిగాడు గద్వాల దగ్గరి అయిజ నుంచి వచ్చిన మన ఇస్రాయేలు.

మొదటి రాత్రే, మూడింటికి మొదలైంది.

ధబ్... ధబ్... ధబ్...

కాసేపు ఆగింది. ఏదో బరువైంది ఈడ్చినట్టు గర్రుమంది. మళ్లీ — ధబ్... ధబ్...

వాచ్‌మన్‌ని అడిగితే, పైన ఎవరూ లేరని తల్లిమీద ఒట్టేశాడు. ఆ ఒట్టుతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

ఇస్రాయేలు గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వారం తిరగకముందే రెండుసార్లు స్టీరింగ్ మీద తల వాల్చాడు. మూడోసారి కునుకు తీస్తే నేరుగా విమానం ఎక్కిస్తానన్నాడు సూపర్‌వైజర్. అదే జరిగితే అయిజలో గోడల దాకా లేచిన ఇల్లు గోడల దగ్గరే ఆగిపోతుంది.

పగలంతటికీ ఒకటే సుఖం. మధ్యాహ్నం గోదాం ముందు టీకొట్టులో జొన్నరొట్టెలు దొరికేవి. ఎవరు చేసి పంపుతారో గానీ, ఆ చేతికి దండం పెట్టుకునేవాడు.

అతనితో గదిలో ఉండే పాన్‌గల్ నాగన్న పెద్దవాడు, నాలుగూళ్లు తిరిగినవాడు. దిండు కింద బైబిల్ పెట్టుకోమన్నాడు. తానేమో గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు.

"దెయ్యం ఎవరిదో మనకు తెల్వదు గదా... రెండు ఉండనియ్యి," అన్నాడు మెల్లగా.

ధబ్... ధబ్...

ఆ రాత్రి ఇస్రాయేలుకు ఒళ్లు మండింది. మంచమెక్కి, చీపురు కర్రతో పైకప్పును మూడుసార్లు పొడిచాడు.

చప్పుడు టక్కున ఆగింది.

ఇద్దరూ చెవులు రిక్కించారు. పైనుంచి సన్నగా... ఏడుపులాంటి గొణుగుడు.

నాగన్న దుప్పటి ముసుగేశాడు.

"నేను పైకి పోత అన్నా. దెయ్యమైతె ఒక్కసారే తింటది. నౌకరి పోతె రోజూ చావాలె."

"నీకు పిచ్చి గిట్ల లేసిందా?" దుప్పట్లోంచే గుసగుస.

ఇస్రాయేలు వెనక మెట్లెక్కాడు. ఒకటి... రెండు... పైపోర్షన్ వంటింటి తలుపు కింద వెలుతురు గీత. తలుపు తోశాడు —

నేల మీద ఓ ఆకారం. మోచేతుల దాకా తెలుపు. ముఖం నిండా తెలుపు.

"యేసయ్యా!"

"జములమ్మ తల్లీ!" అంతకన్నా గట్టిగా అరిచింది ఆకారం. అరుస్తూనే చేతిలోని ముద్ద విసిరింది.

అది ముఖాన పడింది. నోట్లోకి పోయిన కాస్తా... జొన్నపిండి! అయినా, గద్వాల దేవత జములమ్మను తలుచుకునే దెయ్యం మస్కట్‌లో ఎందుకుంటుంది?

"మనిషివేనా?" అన్నాడు.

"ముందు నువ్వు చెప్పు!"

ఆమె పేరు కిష్టమ్మ, గద్వాల పక్క ఊరు. ముందు తలుపు తాళం అలాగే ఉంచి, వెనక దారిన ఆ గది దొంగతనంగా ఇప్పించింది వాచ్‌మనే. తెల్లారేసరికి నూరు రొట్టెలు గోదాం ముందు టీకొట్టుకు పోవాలి. నిలబడి చేయడం ఆమెకు చేతకాదు. ఊళ్లోలాగే నేల మీద బండ పెట్టుకుని, బాసింపట్టు వేసి రొట్టె కొడుతుంది.

"కింద ఎవ్వరు లేరు, ఎంత సప్పుడైన చేస్కో అన్నడు వాచ్‌మను. ఖాళీ ఇంట్లకెళ్లి ఎవరో పొడుస్తుంటె నా పానం పోయింది బిడ్డా!"

చూస్తే, ఆమె చుట్టూ నేల మీద చెప్పు, చీపురు, ఉప్పు. అన్నీ ఇస్రాయేలు కోసమే.

పగలు దండం పెట్టిన చేతినే రాత్రి తిట్టుకున్నానని అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బండ కింద గోనెసంచి మడిచి వేసి వచ్చాడు. మరునాటి నుంచి చప్పుడు మెత్తబడింది. తప్... తప్... చిన్నప్పుడు అమ్మ రొట్టె కొడుతుంటే పొయ్యి పక్కన పడుకుని విన్నది అదే చప్పుడు. ఇన్నాళ్లూ ఎలా పోల్చుకోలేదో! హాయిగా నిద్రపోయాడు. ఇక స్టీరింగ్ మీద తల వాలలేదు.

నెల తర్వాత ఒక రాత్రి, పైన చడీచప్పుడూ లేదు. ఇస్రాయేలుకు కన్ను మూతపడలేదు. మూడయింది. ఆరింటికి డ్యూటీ! ఆపుకోలేక చీపురు కర్రతో పైకప్పును పొడిచాడు.

కాసేపటికి... తడబడుతూ... తప్... ధబ్... తప్...

ఇస్రాయేలు కళ్లు వాలిపోయాయి.

నాగన్న మాత్రం చటుక్కున లేచి కూర్చున్నాడు.

"ఒరే... కిష్టమ్మ నిన్ననే సోహార్‌ల చెల్లె ఇంటికి పోయింది గదరా..."

"ఎవరైతే ఏంది అన్నా," ఇస్రాయేలు అటు తిరిగి పడుకున్నాడు. "కొత్త గదా... మెల్లగ నేర్చుకుంటరు. కొట్టనియ్యి."