చిన్నబడని పొగగొట్టాలు

"రోజా అమ్ముడుపోయింది."

ఇయర్‌ఫోన్లో ప్రభాకర్ సార్ గొంతు. సూర్యాపేట బస్టాండు పక్క టీకొట్టులో ఏజెంట్ అఖిల గ్లాసును బల్లమీద టప్పున కొట్టింది. రోజా! తమ ఆఫీసు ప్రోగ్రామర్, మొన్న తన పెళ్లిలో మైసూర్‌పాకు అడిగడిగి తిన్న రోజా!

"విదేశీ ముఠాకు పనిచేస్తుంది. సరుకు డ్రోన్ ఇవాళ మిర్యాలగూడ మీదికెళ్లి పోతది. పైలట్ సాంసన్ వ్యాన్ల కూసుని స్క్రీన్ చూసి నడుపుతడు. ఆ బొమ్మ గీసే అంకెల పట్టికను, అదే ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్‌ను, రోజా మార్చింది. టార్గెట్ రైస్‌మిల్లు బాయిలర్."

అఖిల ఒళ్లు భగ్గుమంది. ఆ బాయిలర్ దగ్గర డ్యూటీలో ఉన్నది ఆమె మొగుడు సునీల్.

"మిర్యాలగూడకు ఫోన్లు పోతలేవు, అక్కడంత జామర్లు. సాంసన్ వ్యాన్ జాడ లేదు. ఆ బొమ్మ పంపే సర్వర్ కోదాడల రోజా దగ్గర ఉంది. ఉరుకు!"

కోదాడలో మేడమీది గది. "బ్యూటీపార్లర్ నుంచండీ" అన్న గొంతుకు తలుపు తెరుచుకుంది. అఖిల లిప్‌స్టిక్ మూత తిప్పింది. కళ్లు బైర్లు కమ్మే వెలుగు. తేరుకునేసరికి రోజా పట్టుచీరతో సహా కిటికీ ఊచలకు బేడీల్లో ఉంది.

"సర్వర్ ఆపావో, డ్రోన్ అక్కడే కూలుద్ది, కొత్త పెళ్లికూతురా!"

స్క్రీన్ మీద మిల్లుల పొగగొట్టాలన్నీ ఒకే ఎత్తు. ప్రతి బిందువునూ దాని దూరంతో భాగిస్తేనే దూరపుది చిన్నగా కనబడేది. ఆ భాగహారాన్నే రోజా ఆపేసింది. ఇక గోడ ఎంత దగ్గరుందో సాంసన్‌కు ఏం తెలుస్తుంది?

పట్టికలో ఆ భాగహారాన్ని నడిపేది నాలుగో వరసలో మూడో గడి. అఖిల పళ్లు కొరుకుతూ మైనస్ ఒకటి కొట్టింది. స్క్రీన్ మొత్తం నల్లబడింది.

రోజా పకపకా నవ్వింది. అఖిల పిడికిలి లేచింది, ఆగింది. కొడితే ఇది నోరు విప్పదు. ప్రోగ్రామర్‌ను ఎక్కడ గిల్లాలో వేరే ఉంది.

"తూ! నీ కోడ్ నిండ బగ్గులే. ఫస్టియర్ పోరగాళ్లు నయం!"

"బగ్గా?" రోజా ముఖం కందిపోయింది. "నా కోడ్‌లోనా? వరసల్ని నిలువుగా చదువుద్ది నా ఇంజిన్! అది కూడా తెలీకుండా..."

నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది. నిలువుగా చదివితే నాలుగో వరస మూడో గడి కాస్తా మూడో వరస నాలుగో గడి. అఖిల పాత అంకెను దాని చోట పెట్టి, మైనస్ ఒకటిని మూడో వరస చివరికి మార్చింది.

బొమ్మ తిరిగొచ్చింది. ఎదురుగా ఒక పొగగొట్టం స్క్రీనంతా నిండిపోయింది! సాంసన్ డ్రోన్‌ను గుంజి పైకి లేపాడు. పొగ చీలిపోయింది. డ్రోన్‌కు గొట్టం అంచు తగలలేదు.

ఆ సర్వర్ నుంచే జామర్లను ఆపగానే సునీల్ ఫోన్.

"అఖిలా, మా నెత్తిమీదికెళ్లి ఏదో పోయిందే! నువ్వేం జేస్తున్నవ్?"

"లెక్కల ట్యూషన్. పిల్ల తెలివైందే గని, జవాబు దాసుకోనీకి రాదు."