చెవికి బిళ్ల

గోవిందమ్మ ఆ పొద్దు పెళ్లికి పోయేదానిలా తల దువ్వుకుంది. పదకొండు గంటలకు మార్కాపురం నుంచి బీమా కంపెనీ ఆఫీసరు వస్తాడు. ఆయన ముందు నాలుగు మాటలు చెబితే చాలు, మరిది ప్రకాష్ ఏజెంటు పని ఊడుతుంది. ఆ నాలుగు మాటలనూ ఆమె ఏడాదిగా కారం నూరినట్టు నూరుతూనే ఉంది.

నిరుడు ఆమె భర్త గంగయ్యకు గుండె ఆపరేషనైంది. పొలం ఎక్కువుందని తెల్లకార్డు పోయిన ఇల్లు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. ప్రకాష్ చేయించిన తొమ్మిది నెలల పాలసీ ఉంది కదా అని ఆమె ధైర్యంగా ఒంగోలు తీసుకుపోయింది. రూల్సు మారి అలాంటి చిన్న పాలసీలు ఆగిపోయాయనీ, వాళ్లది ఎప్పుడో ముగిసిందనీ కౌంటర్లో చెప్పారు. అరవై గొర్రెలు అమ్మితే గంగయ్య ఇంటికొచ్చాడు. మూడే మిగిలిన దొడ్డిని చూసినప్పుడల్లా ఆమెకు కడుపు మండేది. నిజం చెప్పాలంటే, ఆ మంట ఆమెకు ఇష్టంగా కూడా ఉండేది.

తొమ్మిదింటికే ప్రకాష్ బండి వాకిట్లో ఆగింది.

"వదినా, ఆ ఫిర్యాదు వాపసు తీసుకో. లైసెన్సు పోతే నా పిల్లల నోట్లో మట్టి పడతాది."

"పడనీ. చిన్న పాలసీలు తీసేసినారని నీకు ముందే తెలుసునా, లేదా?"

"తెలుసు."

"మాకు చెప్పినావా?"

ప్రకాష్ అన్న వైపు చూశాడు. పంచలో కూర్చున్న గంగయ్య, చెమట లేకపోయినా, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నోరు రాలేదా? ఆఫీసరు ముందర కూడా ఇట్లనే నిలబడు. మార్కాపురం బస్టాండులో నువ్వు శనక్కాయలు అమ్ముతాంటే, నేను బేరమాడి కొనాల. అప్పుడు చల్లబడతాది నా కడుపు!"

"అట్లనే వదినా." ప్రకాష్ తల వంచుకుని బండి వైపు తిరిగాడు.

"ఆగరా!" గంగయ్య తువ్వాలు పక్కన పడేశాడు. "వాడు చెప్పినాడే."

"ఏంది?"

"చిన్నవి లేవంట, ఏడాదిదే దొరుకుతాదంట, ఖరీదు మూడింతలంట. కట్టమని రెండుసార్లు వచ్చి పోరినాడు. ఆ డబ్బు తీసి నేను జీవాలకు బీమా కట్టినా."

దొడ్డిలో మూడు గొర్రెలూ తలలెత్తాయి. వాటి చెవులకు పసుపుపచ్చ బీమా బిళ్లలు.

"ఆ బిళ్లలు సర్కారు ఉత్తగా ఏసిందన్నావే!"

"అబద్ధం చెప్పినా. నాకేమైతాది, రాయి మాదిరి ఉన్నాననుకున్నా. నేను పోయినా మంద ఉంటే నీకు బతుకుదెరువుంటాదనుకున్నా. నీకు చెప్పొద్దని వానితో ఒట్టు ఏయించుకున్నా. తర్వాత నువ్వు వాణ్ణి తిట్టినప్పుడల్లా చెప్దామనుకున్నా, నోరు పెగల్లేదు."

గోవిందమ్మకు ఏడాదిపాటు తను పెట్టిన శాపనార్థాలన్నీ తిరిగొచ్చి తన గుమ్మంలోనే నిలబడ్డట్టనిపించింది.

"వాని కూతురు ఓణీల పండగకు కూడా నేను పోలేదు. తెలుసునా నీకు? ముందటేడు వానలకు రెండు గొర్రెలు చచ్చినాయి. బిళ్లతో సహా చెవి కోసి పశువుల డాక్టరుకు చూపించినా, బీమా డబ్బులొచ్చినాయి. నువ్వు పోయుంటే నేనేం కోసి ఎవరికి చూపించాలయ్యా?"

అనేసి గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గంగయ్య లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. భుజం మీద వేసిన అతని చేతిని ఆమె విదిలించింది. రెండోసారి విదిలించలేదు.

ఆఫీసరు చెప్పిన వేళకే వచ్చాడు. "ఫిర్యాదు మీదేనా అమ్మా?"

"నాదే సార్. తప్పు మనిషి పేరు రాయించినా. తప్పు నా మొగునిది. మొగునిగా ఆయన లైసెన్సు తీసేసే రూలేమైనా ఉందా?"

ఆఫీసరు అయోమయంగా చూసి, వాపసు కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. గోవిందమ్మ మరిది ముందు కంచం పెట్టి సంగటి వడ్డించింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో అతనికి కంచం పెట్టడం అదే మొదటిసారి.

"ఇద్దరికీ ఏడాది పాలసీ రాయి. ఆ మూడు గొర్రెలూ అమ్మి కడతా."

ప్రకాష్ కళ్లు తుడుచుకున్నాడు. "అన్న గుండెకు మాత్రం మూడేండ్లు ఆగాల వదినా. పాత జబ్బుకు అంతవరకు రాదు."

గోవిందమ్మ గంగయ్యను ఎగాదిగా చూసింది.

"మూడేండ్లే గదా! అప్పటిదాకా ఈయన్ను చావనిస్తానా? నా కక్ష తీరొద్దూ!"