మోకాలి మీదే ఉండిపోయిన చెయ్యి

మారెన్ సంచి సర్దుతోంది. సర్దుతోంది అనడం కంటే కుక్కుతోంది అనడం నిజం. తడి ఆరని మేజోళ్లు, మోచేతుల దాకా మట్టి మరకలున్న చొక్కా, దువ్వెన, అన్నీ ఆ ఒక్క గుడ్డసంచిలోకి తోసేస్తోంది. మంచం చివర కూర్చున్న ఇంగా, ఆమె అక్క, వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, మడత పెట్టి, మళ్లీ లోపల పెడుతోంది.

"నువ్వు కుక్కడం, నేను తియ్యడం. ఇలా అయితే వచ్చే వేసవికి బయల్దేరతాం," అంది ఇంగా.

మారెన్ నవ్వలేదు. చెల్లెలు నవ్వలేదని ఇంగాకి బాధగా ఉంది కానీ, ఆ బాధ కింద ఒక చిన్న సంతోషం కూడా ఉంది. ఆమె మొదటినుంచీ వెళ్లిపోదామనే అంటోంది.

బయట వాన పడుతోంది. మా ఓరెగన్ కొండల్లో అక్టోబరు వాన చుట్టంలా వస్తుంది, ఇంటివాడిలా ఉండిపోతుంది.

ఆ అక్కాచెల్లెళ్లు జూన్‌లో వచ్చారు. వాళ్లది మిన్నెసోటా. తల్లి పోయాక మారెన్‌ని పెంచింది ఇంగాయే. శీతాకాలంలో ఇంగా కొత్త ఉద్యోగంలో చేరేలోగా పడమటి తీరం చూద్దామని ఇద్దరూ బయల్దేరారు. ఊళ్లో కిరాణా కొట్టు తలుపు మీద మేం, అంటే ఈ లోయలో మట్టిళ్లు కట్టుకుని ఉమ్మడిగా బతికేవాళ్లం, అంటించిన కాగితం మారెన్ కంట పడింది. మట్టి తొక్కేవాళ్లకి మూడు పూటలా భోజనం అని రాశాం. రెండు మూడు రోజులుండి పోదామని వచ్చారు.

ట్రక్కు మీంచి మారెన్ దూకిన చోటు టార్పాలిన్. దాని మీద మాలో గోడలు కట్టే రూబెన్ అప్పుడే బంకమట్టి, ఇసుక కలిపి పైన గడ్డి పరిచాడు. ఈ పిల్ల బూట్లతో సరిగ్గా దాని నడిమధ్యన దిగింది.

"బూట్లు విప్పి తొక్కితే దాన్ని పని అంటాం. విప్పకుండా తొక్కితే దొమ్మీ అంటాం," అన్నాడు రూబెన్.

"మట్టికి కూడా మర్యాదలా?"

"మట్టిలో రాళ్లుంటే కాలికి తెలుస్తుంది. బూటుకి తెలీదు."

ఆమె బూట్లు విప్పి అతని కాళ్ల దగ్గరకి విసిరింది. బంకమట్టి జారుతుంది కాబట్టి ఎదురెదురుగా నిలబడి ఒకరి భుజాలు ఒకరు పట్టుకోక తప్పదు. పొద్దుటంతా పోట్లాడుకుంటూనే తొక్కారు. మట్టి ఎప్పుడో కలిసిపోయిందని, ఇంకా తొక్కితే గోడకి పనికిరాదని విన్నీ వంటింట్లోంచి కేకేసి చెప్పాల్సి వచ్చింది. విన్నీ మాలో పెద్దది. ఈ లోయలో మొదటి మట్టిల్లు కట్టింది ఆమే.

ఆ వేసవిలో గోడలు లేచిన ఇల్లు చిన్నది, గుండ్రంది; కప్పు ఇంకా వెయ్యలేదు, పైన టార్పాలిన్ కప్పారు. పొయ్యి పొగ గోడవారనున్న మట్టి అరుగు లోపలినుంచి పోయేలా కట్టారు, చలికాలంలో దాని మీద కూర్చుంటే వెచ్చగా ఉండాలని. తూర్పు గోడలో ఆకుపచ్చ సీసాలు పొదిగారు. ఆ అరుగు పక్కన కిటికీ బాగా కిందికి ఉండాలని, కూర్చున్న మనిషికి వాన కనపడాలని మారెన్ పట్టుబట్టింది. గోడ బలం తగ్గుతుందన్నాడు రూబెన్. రెండు రోజులు మాటల్లేవు. మూడో పొద్దున చూస్తే గోడలో ఆమె అడిగిన ఎత్తులోనే కంత ఉంది. ఎవరు కోశారంటే రూబెన్ తనకేం తెలియదన్నాడు. అతని గోళ్ల నిండా తడిమట్టి.

ఇంగా ఉమ్మడి వంటింట్లో చేరింది. రొట్టెలు బాగా చేసేది. మట్టి ఇళ్లని మాత్రం నమ్మలేదు.

అసలు సంగతి నిన్న సాయంత్రం జరిగింది. మా దగ్గర ఎవరైనా ఎప్పటికీ ఉండిపోతామని అడిగితే భోజనాల గదిలో అందరం గుండ్రంగా కూర్చుంటాం. ఇష్టమైతే చెయ్యెత్తుతాం, ఇష్టం లేకపోతే నోటితో చెబుతాం. నిన్న మారెన్ లేచి, ఉండిపోతానని, ఆ గుండ్రటి ఇంట్లో ఉంటానని అడిగింది. అన్ని చేతులూ లేచాయి. పాపకి పాలిస్తున్న తల్లి కూడా రెండో చెయ్యి ఎత్తింది. రూబెన్ చెయ్యి మోకాలి మీదే ఉంది.

మాకందరికీ నవ్వొచ్చింది. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. ఆ నవ్వు మారెన్‌కి ఎలా కనిపించిందో అప్పుడు మాకు తట్టలేదు. విన్నీ ఫలితం చెప్పేలోగానే ఆమె గది దాటి వెళ్లిపోయింది. వెంట వెళ్లి చెప్పబోతుంటే విన్నీయే ఆపింది. వాళ్ల విషయం వాళ్లే తేల్చుకోవాలంది. మధ్యాహ్నం బస్సుకి పోతున్నారని తెల్లారాక తెలిసి, ఆమే వెళ్లి రూబెన్‌ని లేపింది.

రూబెన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ మీంచి నీళ్లు కారుతున్నాయి.

"వెళ్లిపోతున్నావటగా."

మారెన్ తలెత్తలేదు. "నీ చెయ్యి ఎలా ఉంది?"

"ఏ చెయ్యి?"

"నిన్న లేవనిది. బెణికిందేమో అనుకున్నాను."

"అది ఎత్తకూడదు మారెన్."

"మిగతా అందరూ ఎత్తారు. నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు కూడా."

"వాళ్లు నవ్వింది నన్ను చూసి." అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఇక్కడో పద్ధతి ఉంది. ఏ విషయంలో మన స్వార్థం ఉందో ఆ విషయంలో మనం చెయ్యెత్తకూడదు. కొడుకు ఇల్లడిగినప్పుడు విన్నీ కూడా ఎత్తలేదు. నీకు తెలుసనుకున్నాను."

"నాకెవరు చెప్పారు?" అంది మారెన్. తర్వాత, కొంచెం నెమ్మదిగా, "నీకేం స్వార్థం?"

ఇంగా మడత పెట్టడం ఆపింది.

"నువ్వుండాలని," అన్నాడు రూబెన్. "అది ఎంతుందంటే, ఆ చెయ్యి లేవకుండా రెండో చేత్తో నొక్కి పట్టుకున్నాను."

మారెన్ చేతిలోని మేజోడు సంచిలోకి పోలేదు, మంచం మీదకీ పోలేదు. ఈ ముక్క వేసవంతా ఎందుకు చెప్పలేదని అడిగింది. వేసవంతా నువ్వు నన్ను తిడుతూనే ఉన్నావుగా, సందెక్కడ దొరికిందన్నాడు. అప్పుడు నవ్వింది. నవ్వి, వెంటనే అక్క వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఒక్కటే: అక్క ఒంటరిగా ఎలా వెళుతుంది?

ఇంగా చేతిలోని చొక్కా ఒళ్లో పెట్టుకుంది. తర్వాత రూబెన్‌ని అడిగింది.

"ఆ గోడ వానకి కరగదా?"

"కప్పు వెడల్పుగా వేస్తే గోడ సంగతి కప్పు చూసుకుంటుంది."

"మరి దీని సంగతి ఎవరు చూసుకుంటారు?" అంది చెల్లెల్ని చూపిస్తూ.

మా దగ్గర వంట చెయ్యడానికీ అంట్లు తోమడానికీ కూడా వంతులే. కంగారులో రూబెన్‌కి ఇంకేం తోచలేదు. "వంతులు వేసుకుంటాం," అన్నాడు.

వచ్చిన ఇన్ని నెలల్లో ఇంగా పైకి నవ్వడం మేం విన్నది అప్పుడే. అవతలి గదిలో ఉన్న నాకు కూడా వినపడింది. ఆ తర్వాత ఆమె సంచిలోంచి చెల్లెలి బట్టలు తీసి మంచం మీద ఒక పక్కగా పేర్చింది. ఆ పనిలో ఆమె తొందరపడలేదు.

"నువ్వు కూడా ఉండక్కా," అంది మారెన్.

"అందులోనా? ఒక్క మూలైనా లేదు. మనిషికి అలకొస్తే ఎక్కడ కూర్చుంటుందే?"

"కట్టిస్తాను. నీకోసం ఒక మూల కట్టిస్తాను."

"కట్టించు. కప్పు వేసే రోజుకి వచ్చి, కూర్చుని చూస్తాను."

బస్సు దగ్గరికి రూబెన్ ట్రక్కులో దింపాడు. మధ్యలో మారెన్ కూర్చుని అక్క చెయ్యి పట్టుకుంది. వానలో పట్టాలు కప్పుకుని మేమంతా దారి పక్కన నిలబడి చేతులూపాం. దారి పొడుగునా ఊగుతున్న చేతులు చూసి ఇంగా కిటికీలోంచి, ఇవాళ ఎవరూ మోకాలి మీద పెట్టుకోలేదే అని వేళాకోళం చేసింది.

వాన తెరపిచ్చిన వారాల్లో రూబెన్ ఉత్తరం గోడని తడిగోనెలతో మెత్తబరిచి కోశాడు. వాళ్లిద్దరూ మళ్లీ మట్టి తొక్కి అక్కడొక మూల కట్టారు. అటుగా వచ్చిన వాళ్లు గుండ్రటి ఇంటికి మూలేమిటని అడిగేవారు. కప్పు ఏప్రిల్‌లో వేశాం. మీద గడ్డి నాటాం. మా అందరి ఎదుటా అక్కడే వాళ్ల పెళ్లి జరిగింది. మారెన్ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది, రూబెన్ కూడా.

ఇంగా ఆ బస్సెక్కి వెళ్లింది 1993 అక్టోబరులో, ఒక శనివారం నాడు. మళ్లీ రాలేదు, కప్పు వేసిన రోజుకీ, పెళ్లికీ కూడా; ఆ మూల ఇంకా ఆమె కోసం ఖాళీగానే ఉంది.