తలుపు నీ చేతిలో ఉంది

మా బడిలో నా గది వరండా చివర ఉంటుంది. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే గది. సుద్దపొడి వాసన, తడిసిన చాపల వాసన ఇంకా పోలేదు. దెబ్బలు తిన్న పిల్లల్ని, జడుసుకున్న పిల్లల్ని నా దగ్గరికి పంపుతారు. వాళ్లను మెల్లగా మాట్లాడించడం నా ఉద్యోగం. మిగతా టీచర్లు చాటుగా నన్ను ‘బుజ్జగింపుల మేడం’ అంటారు. అననీ.

ఆ పిల్ల మూడో తరగతి. తల్లి లేదు. తండ్రి రోజూ తాగొచ్చి పిల్లనీ, పిల్ల అమ్మమ్మనీ బెల్టుతో చావబాదేవాడు. ఒక వాన రాత్రి అమ్మమ్మ అల్లుడికి తలుపు తియ్యలేదు. “అత్తా, గడియ తియ్యి” అని తెల్లవార్లూ తలుపు బాది బాది గుమ్మంలోనే పోయాడు. ఆ రోజు నుంచి పిల్లకు మాట లేదు. నెలాఖరులోగా నోరు విప్పకపోతే పేరు కొట్టేస్తానని హెడ్మాస్టరు తేల్చేశాడు.

“మాట రాకపోతే మానె తల్లీ,” అంది అమ్మమ్మ నా చెవిలో. “ఇప్పటికీ మా తలుపు చప్పుడవుతుంది. ఇది నోరు మూసుకుని కూర్చుంటుంది. పలికితే లోపలికొచ్చేస్తాడు.”

నాకు ఒళ్లు మండింది. ఈ ముసలమ్మ చాదస్తమే పిల్లను పాడుచేస్తోందనుకున్నాను.

నా గది తలుపుకున్న గడియ పీకించేశాను. పిల్లను లోపల కూర్చోబెట్టి, బయటికెళ్లి మూడుసార్లు తలుపు తడతాను. “రండి” అంటేనే లోపలికెళ్తాను. లేకపోతే లేదు. “తలుపు నీ చేతిలో ఉంది బంగారం. నువ్వు రమ్మంటేనే ఎవరైనా వస్తారు,” అని రోజూ చెప్పేదాన్ని. ఇరవై రెండు రోజులు బెల్లు కొట్టేదాకా వరండాలోనే కూర్చున్నాను. మొండితనంలో నేనూ తక్కువదాన్ని కాను.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం ఉరుములతో వాన. కరెంటు పోయింది. వరండా అంతా మసకగా ఉంది. ఎక్కడి నుంచో సారా వాసన... వాచ్‌మన్‌ను మనసులో తిట్టుకుని తలుపు తట్టబోయాను.

టక్. టక్. టక్.

నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

లోపలి నుంచి సన్నని గొంతు... ఇన్ని నెలల తర్వాత మొదటి మాట...

“రా.”

ఏడుపొచ్చేంత సంతోషం వేసింది నాకు. ఒక్క క్షణమే. నేను నేర్పింది ‘రండి’. టీచర్ని ఏ పిల్లా ‘రా’ అనదు...

తలుపు తోశాను. కదల్లేదు. గడియ లేని తలుపు... భుజంతో గుద్దాను. లోపల బెల్టు చప్పుడు. ఒకటి... రెండు... పిల్ల ఏడవడం లేదు. “తలుపు తియ్యి తల్లీ!” అని అరిచాను. బెల్లు కొట్టగానే దానంతటదే తెరుచుకుంది.

పిల్ల చాప మీద కూర్చుని ఉంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. గుమ్మం నుంచి చాపదాకా పెద్దవాళ్ల తడి అడుగులు. బయటికి వెళ్లినవి కనపడలేదు.

హెడ్మాస్టరు వచ్చి పేరడిగితే పిల్ల గడగడా చెప్పింది. “మొత్తానికి సాధించారు మేడం!” అన్నాడాయన. నేను సిగ్గు లేకుండా థాంక్స్ చెప్పాను.

సాయంత్రం అమ్మమ్మ వచ్చింది. పిల్ల ఎదురెళ్లి ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“పద అత్తా, ఇంటికి పోదాం,” అంది. “ఈసారి గడియ నేను పెడతాను.”