నలభై ఒకటో నిమిషం

పైడిరత్నం హోటల్లో లోహిత్ రెండో ఇడ్లీ సగంలో ఉండగా గోడమీది పలక వెలిగింది. "లోహిత్: ఇడ్లీ, తృప్తి. అల్లం పచ్చడి, కొద్దిగా నిరాశ." పైడిరత్నం అది చూసి గరిటె పక్కన పెట్టి, పచ్చడిలో చిటికెడు బెల్లం వేసి కలిపింది. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. విశాఖపట్నంలో బాగుందా అని ఒకరినొకరు అడిగి ఆరేళ్ళు దాటింది.

ఆ పని ఇప్పుడు ఎదపట్టీ చేస్తుంది. మణికట్టుకు కట్టుకునే రెండు వేళ్ళ వెడల్పు పట్టీ అది. నాడి, చెమట, ఊపిరి చూసి మనిషికి ఏమనిపించిందో పసిగట్టి, అతని పేరు మీదే లోకానికి చెప్పేస్తుంది. అంతకుముందు జనం ముసుగు పేర్లు పెట్టుకుని చూడని సినిమాల మీద, తినని భోజనాల మీద బురద చల్లేవారు. కిరాయికి పొగిడేవాళ్ళు, కిరాయికి తిట్టేవాళ్ళు ఉండేవారు. ఎదపట్టీ వచ్చాక ఆ రొచ్చు పోయిన మాట నిజమే, కాదనకూడదు. దాంతోపాటు నోటిమాటకున్న విలువా పోయింది. ఎవరైనా నోటితో ఏదైనా అంటే అది మర్యాద కింద జమ, సాక్ష్యం కింద కాదు.

"బాబూ, నీ సినిమా సూసేం రాత్రి," అంది పైడిరత్నం ఇంకో ఇడ్లీ వేస్తూ. "ఎల్లాజీ గారి కాడికొచ్చేసరికి మా ఆయనకి జాలి నూటికి డెబ్బై పాళ్ళు సూపించింది. పాపం, అంత పెద్ద పాటలో సెయ్యి జారిపోడం ఏటి, సెప్పు?"

లోహిత్‌కు ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. పలక మీద "లోహిత్: సిగ్గు" అని వచ్చింది. పైడిరత్నం నీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

"నేస్తుడి మాటెత్తితే అలాగే ఉంటాది మరి. మంచి మనసు నీది," అంది.

లోహిత్ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అతనికి అరవై ఒకటి. 2041లో, చేపల రేవులో మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక రాక్ ఆల్బమ్ చేశారు. వేరే పేరు తట్టక దానికి 'ఐసు ఫ్యాక్టరీ' అనే పెట్టారు. లోహిత్ పాడి, గిటారు వాయించాడు. డ్రమ్స్ ఎల్లాజీవి. మిగతా ఇద్దరూ ఇప్పుడు లేరు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ఆల్బమ్ వినని తెలుగువాడు లేడంటే అతిశయోక్తే, కానీ చిన్న అతిశయోక్తి. అందులో 'లంగరు' అనే పాట మరీ ప్రసిద్ధం. చివరి చరణానికి ముందు వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మూడు ఊపిళ్ళ నిశ్శబ్దం. తర్వాత లోహిత్ గొంతు ఒక్కటే లేస్తుంది. ఆ ఖాళీ గురించి పండితులు వ్యాసాలు రాశారు.

ఆ ఆల్బమ్ ఎలా తయారైందో చెప్పే డాక్యుమెంటరీ పది రోజుల కిందట విడుదలైంది. నలభై లక్షల మంది చూశారు. వాళ్ళ అభిప్రాయాలన్నీ, పట్టీలు చెప్పింది పోగుచేసి అర్థం తేల్చే సారయంత్రంలో పడ్డాయి. గాజువాక వెల్డర్ ఒకతనికి ఐసు గది కనిపించగానే చలి, ఆనక సొంత తండ్రి మీద బెంగ. అనకాపల్లి గృహిణి ఒకావిడకు మొదట నిద్ర, గిటారు తీగ తెగినప్పుడు మెలకువ, చివర్లో ఏడుపు. సంగీత అధ్యాపకుడు ఒకాయనకు పావుగంట చిరాకు, తర్వాత గంటసేపు అసూయ. పాపం, ఆయన పేరుతో సహా వేశారు.

నలభై ఒకటో నిమిషం దగ్గర మాత్రం నలభై లక్షల మందిలో ఇద్దరికే ఒక వింత స్పందన వచ్చింది. "లోహిత్: సిగ్గు, తొంభై రెండు పాళ్ళు. ఎల్లాజీ: సిగ్గు, ఎనభై తొమ్మిది పాళ్ళు."

ఆ నిమిషంలో తెర మీద మాట్లాడేది లోహితే. ఆ చిత్రీకరణ ఎనిమిదేళ్ళ కిందటిది, అప్పటికి ఎదపట్టీలు లేవు. కాలు మీద కాలు వేసుకుని, నవ్వుతూ చెప్పాడు: "అక్కడ మా ఎల్లాజీ చెయ్యి జారింది. వాడు ఆగిపోయాడు. నేనే తెలివిగా మూడు ఊపిళ్ళు ఆగి అందుకున్నాను. తప్పును పాటగా మార్చడం అంటే అదే."

సారయంత్రం ఆలోచించి సారం తేల్చింది. తప్పు చేసిన వాద్యకారుడు సిగ్గుపడ్డాడు. మిత్రుడి తప్పు బయటపెట్టవలసి వచ్చినందుకు గాయకుడు సిగ్గుపడ్డాడు. ఎవరికి ఎంత సిగ్గు వేసిందో దానికి అణువణువునా తెలుసు. ఎవరి పనికి వేసిందో తెలియదు.

జరిగింది వేరు. ఆ రోజు 'లంగరు' చివరి చరణం లోహిత్ మరిచిపోయాడు. రాసినవాడు తనే, మరిచిపోయిందీ తనే. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఎల్లాజీ అది కనిపెట్టి పుల్లలు రెండూ గాలిలోకి ఎత్తి ఆపేశాడు. మిగతావాళ్ళు అతన్ని చూసి ఆగారు. మూడు ఊపిళ్ళకు లోహిత్‌కు చరణం గుర్తొచ్చింది. పాట అయ్యాక రికార్డు చేసేవాడు అద్దం అవతల నుంచి "ఎవడ్రా ఆపింది?" అని అరిచాడు. లోహిత్ తల వంచుకున్నాడు. ఎల్లాజీ తాపీగా "నా సెయ్యే జారింది" అన్నాడు.

అది ఎల్లాజీ తండ్రి నడిపే వలజట్టు పద్ధతి. ఒడ్డున ముప్పై మంది పెద్దవల లాగుతుంటే తడి ఇసుకలో ఎవడో ఒకడి కాలు జారుతుంది. జట్టంతా తాడు బిగపట్టి ఆగిపోవాలి. ఎవడు జారాడని ఎవరూ చూడకూడదు. ముందు నిలబడ్డవాడు "నా కాలే" అని కేకేస్తాడు, మళ్ళీ లాగుతారు. అయితే అక్కడితో అయిపోదు. జారినవాడు చేపలు పంచకముందే తనంతట తాను ముందువాడి దగ్గరికి వెళ్ళి, అందరూ వినేలా "నాదే" అనాలి. అంటే అయిపోయినట్టే, ఎవరూ ఏమీ అనరు. అననివాడికి వాటా అయితే ఇస్తారు గానీ, మర్నాడు తాడు దగ్గర చోటివ్వరు.

లోహిత్‌కు ఇది తెలియక కాదు. మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, ఎల్లాజీతో కలిసి ఆ వల లాగినవాడే. ఒకసారి కాలు జారితే వెళ్ళి "నాదే" అన్నాడు కూడా. ఎల్లాజీ తండ్రి నవ్వి రెండు కానాగంత చేపలు ఎక్కువ వేశాడు. చేపల దగ్గర చెప్పగలిగిన మాట, పేరు వచ్చిపడ్డాక చెప్పలేకపోయాడు. ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది అనుకుంటూ ముప్పై ఎనిమిదేళ్ళు గడిపేశాడు. చెప్పగా చెప్పగా అబద్ధం తనకే నిజంలా అనిపించసాగింది. ఎదపట్టీ కట్టుకుని తనను తాను తెర మీద చూసుకున్న రోజునే ఒళ్ళంతా కాలిపోయింది.

హోటల్ నుంచి ఇంటికి చేరేసరికి హన్షిత ఫోను. ఐసు ఫ్యాక్టరీని బాగుచేయించి సంగీతశాలగా తెరుస్తున్న సంఘానికి ఆమె కార్యదర్శి. ఆదివారం ప్రారంభం. లోహిత్, ఎల్లాజీ కలిసి 'లంగరు' వినిపించాలని ఆరు నెలల కిందటే అనుకున్నారు.

"లోహిత్ గారూ, చిన్న మార్పండి. డ్రమ్స్‌కి వేరే అబ్బాయిని పెట్టాం. ఎల్లాజీ గారి మీద జనానికి నమ్మకం పదకొండు పాళ్ళకి పడిపోయింది. ఆయన కూర్చుంటే హాల్లో అందరికీ ఆందోళన చూపిస్తుందండి, కార్యక్రమం పాడవుతుంది."

"ఎల్లాజీకి చెప్పారా?"

"చెప్పామండి. సరే అన్నారు. ఆ ఖాళీ కూడా లేకుండా వాయించేస్తాడు ఈ అబ్బాయి. మీకు అభ్యంతరం లేదు కదా?"

అభ్యంతరం ఉందనాలి. తప్పు నాదనాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

"మీ ఇష్టం," అన్నాడు లోహిత్.

ఫోను పెట్టేశాక పట్టీ ఏం చూపిస్తోందో చూడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. సిగ్గు లేకపోతే సరి అని జనం ఊరికే అంటారు గానీ, సిగ్గు ఉండి కూడా నోరు మెదపనివాడి బతుకు అంతకంటే హీనం. ఆ సాయంత్రం రేవుదాకా వెళ్ళాడు. అక్కడ ఒక రేకుల షెడ్డులో ఎల్లాజీ క్రేన్ నడిపేవాళ్ళకు, వలలు కుట్టేవాళ్ళకు డ్రమ్స్ నేర్పుతాడు. ఎప్పుడూ పదిహేను మందికి తగ్గరు. ఆ రోజు ఒక్కరూ లేరు. ఎల్లాజీ ఒక్కడే కూర్చుని డ్రమ్ము తోలు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. లోహిత్ ఐసు బండి వెనక కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆదివారం సంగీతశాల కిటకిటలాడింది. వేదిక పైన నిలువెత్తు పలక. హన్షిత నాలుగు మాటలు చెప్పి మైకు ఇచ్చింది. లోహిత్ గిటారు కింద పెట్టాడు.

"ఈ పాటలో మీరంతా మెచ్చుకునే ఆ ఖాళీ ఉంది చూశారూ, అది ఎల్లాజీ తప్పు కాదు," అన్నాడు. "చరణం మరిచిపోయింది నేను. నన్ను కాపాడటానికి వాడు ఆపాడు. చెయ్యి జారిందని నా తప్పు వాడు నెత్తిన వేసుకున్నాడు. ఇన్నేళ్ళూ నేను నోరు మూసుకున్నాను. అంతటితో ఊరుకోక, సినిమాలో వాడి మీదే చెప్పాను. వాడికి ఈ హాల్లో చోటు లేకుండా చేసింది నేను. తప్పు నాదే."

చెప్పడం అయ్యేసరికి గుండె తేలికపడింది. ఒళ్ళు చల్లబడింది. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి తల ఎత్తి జనం కళ్ళలోకి చూశాడు. అందరూ అతన్ని కాదు, అతని తల మీది పలకను చూస్తున్నారు.

"లోహిత్: సిగ్గు, లేదు. ప్రశాంతత, ఎనభై ఎనిమిది పాళ్ళు." కింద సారం: "తప్పు చేసినవాడి స్పందన ఇలా ఉండదు. ఇది మిత్రుడి కోసం ఆడిన అబద్ధం."

హాలు ఒక్కసారిగా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. హన్షిత దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది.

"మీరు చాలా పెద్ద మనసున్నవారు సార్."

"అబద్ధం కాదమ్మా, నిజం చెప్తున్నాను."

"నాకు తెలుసండి," అంది ఆమె. ఏం తెలుసో ఆమెకే తెలియాలి.

లోహిత్ మొహం జేవురించింది. వదిలిపోయిందనుకున్న సిగ్గు ఈసారి రెండింతలై వచ్చింది. పలక దాన్నీ పట్టుకుని "వినయం" అని రాసింది. చప్పట్లు ఇంకా పెరిగాయి. అతను గిటారు తీసుకుని పాడాడు. పాడకుండా దిగిపోవచ్చు, దిగిపోలేదు. ఖాళీ రావలసిన చోట కొత్త కుర్రాడు చకచకా వాయించేశాడు. ఎవరికీ ఏ ఆందోళనా కలగలేదు.

అయ్యాక పక్క గుమ్మం గుండా జెట్టీ మీదికి వచ్చాడు. ఎల్లాజీ అక్కడ పడవలు కట్టే లంగరు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. మణికట్టున పట్టీ లేదు, అది కట్టే చోట తెల్లటి చార ఉంది.

"లోపలికి రాకపోయావా?" అన్నాడు లోహిత్.

"పట్టీ లేకపోతే లోపలికి రానివ్వరు. గుమ్మం కాడ నిలబడి ఇన్నాను."

"ఎందుకు తీసేశావు?"

"నువ్వేటంతావో ఇని, నాకేటనిపించిందో నేనే సెప్పుకుందామని. అది సెప్పడం ఎందుకు."

లోహిత్ అతని పక్కన కూర్చోబోయి, కూర్చోలేక నిలబడ్డాడు. "ఒరే, సినిమా చూసినప్పుడు నీకెందుకురా సిగ్గు? నువ్వేం చేశావని?"

"నేనేటి సేస్తాను. నా కోడలు పక్కన కూకుంది. మా లోహిత్ మాటాడతాడు సూడే అని దాన్ని పిలిసి మరీ కూకోబెట్టేను. నువ్వా మాట అనేసరికి దాని మొహం సూళ్ళేక తలొంచీసుకున్నాను. నీ గురించేరా సిగ్గు."

లోహిత్ హాలు వైపు చూశాడు. "లోపల ఎవరూ నమ్మలేదు, ఎల్లాజీ. నువ్వైనా నమ్మావా?"

"నాకు తెలిసిందే గదా, నమ్మడం ఏటి."

"మరి ఏమనుకున్నావు? చెప్పరా. నాకు తెలియాలి."

ఒక మనిషిని నోటితో అడిగి, జవాబు కోసం నిలబడి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తులేదు. చూసి తెలుసుకోవడానికి పలక లేదు. ఎల్లాజీ నీళ్ళకేసి చూస్తూ ఊపిరి పీల్చి వదిలాడు. మరోసారి పీల్చి వదిలాడు. మూడోసారి కూడా. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"బాగానే సెప్పేవురా," అన్నాడు. "గాని సేపలు ఎప్పుడో పంచీసేం గదా."